ఒక రిజిస్టరు, రెండు ఊళ్లు: యానాం మేరీ, కోటపాడు పంచాయతీ

సోషల్ మాస్టారి స్మారకోపన్యాసం. కె.కోటపాడులో జులై 1న చేసిన ప్రసంగ పాఠం.



ఈ సభకి పిలుస్తూ మాస్టారి అబ్బాయి ఒక్కటే షరతు పెట్టారు. "నాన్నగారిని పొగడొద్దు. పొగిడితే ఆయన కుర్చీలోంచి లేచి వెళ్లిపోయేవారు. ఆయనకి నచ్చే పాఠం ఏదైనా చెప్పండి" అన్నారు. బేనరు మీద పేరు కూడా వేయలేదు చూడండి. 'సోషల్ మాస్టారు' అని వేసి వదిలేశారు. ఈ చుట్టుపక్కల ఆ మాటకి ఇంకో మనిషి లేడు కనక ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఆయన పాఠాల్లో నాకు ఈనాటికీ మరపురానిది సిలబస్‌లో లేని పాఠం. నేనప్పుడు ఏడో తరగతి. గుడ్డ మీద అంటించిన గోడపటం, పైనా కిందా నల్ల కర్రలు, విప్పితే బల్లి గుడ్ల పెంకులు రాలేవి. ఆంధ్రప్రదేశ్ పటం. జిల్లాకో రంగు. మా విశాఖపట్నం గులాబీ, తూర్పు గోదావరి ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చలో, సముద్రానికి కాస్త ఇవతల, పెసరగింజంత పసుపు చుక్క. నేను లేచి, "మాస్టారూ, ఇక్కడ పసుపు పడిందండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. బెత్తం కొస ఆ చుక్క మీద ఆనించి, "పసుపు కాదురా, యానాం. మన కోటపాడు లాంటి ఊరే. కాకపోతే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కాగితం మీద ఉన్నాయి. మనవి లేవు" అన్నారు.

ఆ రోజుకి ఆ మాట సగమే అర్థమైంది. తర్వాత ముప్పై ఏళ్లు పంచాయతీ శాఖలో ఉద్యోగం చేశాను. ఇంటి పన్ను డిమాండు రిజిస్టర్లు, తీర్మానాల పుస్తకాలు, కోరం లేక వాయిదా పడ్డ సమావేశాలు, వీటి మధ్యనే జీతం తిన్నాను. రిటైరయ్యాక ఒకసారి పని గట్టుకుని యానాం వెళ్లొచ్చాను. మిగతా సగం అప్పుడు అర్థమైంది. ఇవాళ్టి మాటలు దాని గురించే.

ముందు ఆ ఊరు ఎక్కడుందో చూద్దాం. మాస్టారైతే ఇది చెప్పకుండా ముందుకి కదలనిచ్చేవారు కాదు. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో ఎడమ పాయ గౌతమి. ఆ గౌతమి ఇంకాసేపట్లో సముద్రంలో కలుస్తుందనగా ఉత్తరానికి ఒక చిన్న పాయ విడిపోతుంది. అది కోరంగి ఏరు. ఆ పాయ చీలే మూల మీద కూర్చున్న ఊరు యానాం. ఏరు వెంట కిందికి పోతే కోరంగి మడ అడవులు. కాకినాడ నుంచి బస్సెక్కితే ముప్పై కిలోమీటర్లు. గౌతమి అవతలి ఒడ్డున ఎదుర్లంక, అక్కణ్ణుంచి కోనసీమ. ఇప్పుడు మధ్యన బాలయోగి వారధి ఉంది గాని, అంతకుముందు రేవులో పంటు కోసం కాచుకోవలసిందే. సర్కారు లెక్కలో మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. అందులో యానాం పట్నం, చుట్టూ కనకాలపేట, మెట్టకూరు, కురసాంపేట, అడవిపొలం, ఫ్రాంసుతిప్ప వంటి పల్లెలు. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. మన దగ్గర ఒక మండలంలో ఉండే జనం.

నీరే ఆ ఊరికి బతుకు, నీరే భయం. 1839 నవంబరులో వచ్చిన కోరంగి తుపాను ఆ తీరాన్నే తుడిచిపెట్టింది. 1996 నవంబరు తుపాను మన తరానికి తెలుసు. 2022 జులైలో గోదావరి వరద వీధుల్లోకి వచ్చింది. మనకేమో చెరువు నిండితే పండగ, అనంతగిరి కొండల మీద వాన పడితే శారదలో నీరొస్తుందని ఆశ. వాళ్లది నీళ్లు ఎక్కువైన దిగులు, మనది తక్కువైన దిగులు.

ఫ్రెంచివాళ్లు అక్కడికి 1720ల్లో వచ్చారు. బట్టల కోసం. మన పాత తెలుగులో వాళ్లని పరాసులు అనేవారు. ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు యానాన్ని పట్టుకోవడం, సంధి కుదిరితే తిరిగి ఇవ్వడం, ఇలా దాదాపు వంద ఏళ్లు గడిచింది. చివరికి 1814 నాటి పారిస్ సంధి మేరకు, ఆ తర్వాత రెండు మూడేళ్లకి, మళ్లీ వాళ్ల చేతికి వచ్చి 1954 దాకా ఉండిపోయింది.  ఈ యుద్ధాల జాబితా చదువుతుంటే నాకు నిద్రొస్తుంది, మీకూ రావచ్చు. అసలు సంగతి 1880లో ఉంది.

1880 మార్చి 12న పారిస్ నుంచి ఒక డిక్రీ వచ్చింది. ఫ్రెంచి ఇండియాలోని ఊళ్లని కొమ్యూన్లుగా చేశారు. అప్పుడు పది, తర్వాత పెద్దవాటిని ముక్కలు చేస్తే పదిహేడు అయ్యాయి. పాండిచ్చేరి చుట్టూ కొన్ని, కారైకాల్ చుట్టూ కొన్ని, మాహె ఒకటి, చందర్‌నగర్ ఒకటి, యానాం ఒకటి. ప్రతి కొమ్యూనుకీ ఎన్నికైన మునిసిపల్ కౌన్సిలు. ఆ కౌన్సిల్లోంచే ఒక మేరు, అంటే మేయరు. మేరు కూర్చునే ఆఫీసు మేరీ.

కొమ్యూను అంటే ఏమిటని అడిగితే, మనకి తెలిసిన మాటల్లో పంచాయతీ అని చెప్పొచ్చు. కాని ఒక తేడా ఉంది. ఫ్రాన్సులో 1789 విప్లవం వచ్చిన ఏడాదే, డిసెంబరులో చట్టం చేసి, అప్పటిదాకా చర్చి పరిధులుగా ఉన్న ఊళ్లన్నిటినీ కొమ్యూన్లు చేసేశారు. పెద్ద పట్నమైనా పదిళ్ల పల్లెయినా పేరు ఒకటే, హోదా ఒకటే. ఈనాటికీ ఆ దేశంలో దాదాపు 35 వేల కొమ్యూన్లున్నాయి. సగానికి పైగా ఊళ్లలో 500 మంది కూడా ఉండరు. మన ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 13 వేల పైచిలుకు పంచాయతీలు. మన దగ్గర నగర పాలక సంస్థకి ఒక చట్టం, మునిసిపాలిటీకి ఇంకొకటి, పంచాయతీకి మరొకటి. ఊరు పెరిగితే చట్టం మారుతుంది. వాళ్లకి పల్లెటూరి మేరూ మార్సే నగరం మేరూ ఒకే కులం.

ఇంకో విచిత్రం, ఆ మేరు రెండు టోపీలు పెట్టుకుంటాడు. ఒకటి ఊరి టోపీ: వీధులు, దీపాలు, బడి, సంత. రెండోది దేశం టోపీ: పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ పెళ్లయినవాళ్లనీ రాజ్యం తరపున పుస్తకంలో రాసుకునే అధికారి అతనే. అక్కడ 1792 సెప్టెంబరులో ఆ పుస్తకాల్ని చర్చి ఫాదర్ల చేతుల్లోంచి తీసి ఊరి ఎన్నికైన మనిషి చేతిలో పెట్టారు. నా దృష్టిలో ఫ్రెంచి విప్లవం చేసిన పనుల్లో రాజు తల తీయడం కన్నా ఇదే పెద్దది. తల మళ్లీ మొలవదు నిజమే, కాని నెపోలియన్ వచ్చాక సింహాసనం మళ్లీ వచ్చింది. రిజిస్టరు మాత్రం వెనక్కి పోలేదు.

యానాంలో ఆ పద్ధతే నడిచింది. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన వాళ్లింట్లో బీరువా తీసి తన తాతగారి జనన పత్రం నకలు చూపించారు. ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి, మడతల దగ్గర చిరిగి, వెనక పల్చటి గుడ్డ అంటించి ఉంది. భాష ఫ్రెంచి. ఆయనకీ రాదు, నాకూ రాదు. కాని వాళ్ల నాన్నగారు చెప్పగా విన్నది ఆయన వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్క వరసా చెప్పారు. సంవత్సరం అంకెల్లో కాదు, అక్షరాల్లో. నెల, తేదీ, ఉదయం ఇన్ని గంటలకి. యానాం కొమ్యూను మేరు అయిన మా ఎదుట. వచ్చినవాడు ఫలానా, వయసు ఇంత, మగ్గం నేసేవాడు, కాపురం ఇక్కడే. అతను మగబిడ్డని చూపించి, ఈ బిడ్డ నిన్న రాత్రి ఇన్ని గంటలకి తన ఇంట్లో తన భార్యకి పుట్టాడని, ఫలానా పేరు పెడుతున్నానని చెప్పాడు. సాక్షులు ఇద్దరు. తండ్రికి సంతకం చేయడం రాదని కూడా అందులో రాసి ఉంది. కింద మేరు సంతకం, మెలికలు తిరిగి, చెట్టు వేరులా.

నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సంతకం రాని ఒక సాలెవాడు బిడ్డ పుట్టిన మర్నాడు మేరీకి నడిచి వెళ్లాడు. అక్కడ ఎన్నికైన మనిషి కుర్చీలో ఉన్నాడు. బిడ్డ పుట్టిన గంట కాగితం మీదకి ఎక్కింది.

అదే కాలంలో మనవైపు ఏమవుతోంది? మద్రాసు రాజధాని. విశాఖ జిల్లా పల్లపు భాగం చాలావరకు జమీందారీ. ఊరికి మునసబు, కరణం. తండ్రి తర్వాత కొడుకు. జనన మరణాల రిజిస్ట్రారు మునసబే. ఎవరో వచ్చి చెబితే రాసేవాడు, చెప్పకపోతే లేదు. ఎన్నికైన సర్పంచి వచ్చాక కూడా, వీధి దీపం సర్పంచిది, ఇంటి పన్ను సర్పంచిది, భూమి పుస్తకం కరణానిది, పుట్టుక పుస్తకం మునసబుది. పుట్టుకతో వచ్చిన ఆ గ్రామాధికారాల్ని రద్దు చేసింది ఎప్పుడు? 1984 జనవరిలో, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం. అంటే యానాంలో 1880లో ఎన్నికైన మనిషి చేతికి వచ్చిన పుస్తకం మనదగ్గర పుట్టుకతో వచ్చిన మనిషి చేతిలోంచి జారడానికి ఇంకో 104 ఏళ్లు పట్టింది.

దీని ఫలితం ఏమిటో మనం ఒంటి మీద మోసుకు తిరుగుతున్నాం. ఈ హాల్లో యాభై దాటినవాళ్లు ఎవరైనా, మీ పుట్టిన తేదీ జులై 1 అయితే చెయ్యెత్తండి... చూశారా. సగం హాలు. మనందరం ఒకే రోజున పుట్టాం. మంత్రసాని మాస్టారే. బళ్లో వేసేటప్పుడు అయ్యో అమ్మో వచ్చి "ఆడికి ఐదేళ్లుంటాయి బాబూ" అంటే, బడి తెరిచే రోజులు కనక లెక్క సరిపోయేలా జులై 1 వేసేవారు. మా బ్యాచిలో ఇద్దరు అన్నదమ్ములు ఆరు నెలల తేడాతో పుట్టినట్టు రికార్డులో ఉన్నారు. వాళ్లమ్మని ఈ విషయం అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

యానాం కాగితాల్లో ఇంకో చిన్న ముచ్చట ఉంది, మాస్టారు వింటే మురిసిపోయేవారు. అక్కడ కామిశెట్టి అనే ఇంటిపేరు పేరున్న కుటుంబానిది. ఫ్రెంచి గుమాస్తా దాన్ని తన లిపిలో రాసుకున్నాడు. ఆ భాషలో సీ, హెచ్ కలిసి వస్తే 'శ' అని పలుకుతారు. కాబట్టి అతను రాసింది అచ్చంగా కామిశెట్టే. తర్వాత ఇంగ్లీషు కళ్లతో చదివినవాళ్లం దాన్ని కామిచెట్టి చేసేశాం. పరశురామ అన్న పేరులో 'శు' కోసం ఫ్రెంచివాడు ఎస్ రెండుసార్లు రాసి, పక్కన ఓ, యూ రెండూ కలిపితే మనం పరాస్సౌరామ అని చదివాం. తప్పు రాసినవాడిది కాదు, చదివినవాడిది. ఊరంతా మాట్లాడేది గోదావరి తెలుగు, మేరీలో కదిలేది ఫ్రెంచి కలం. ఇంట్లో తెలుగు, కాగితం మీద ఫ్రెంచి, ఈ రెంటి మధ్యనే ఆ ఊరు నడిచింది. 1956 ఒప్పందంలో కూడా, ప్రజాప్రతినిధులు వేరేగా నిర్ణయించేదాకా ఫ్రెంచి అధికార భాషగా ఉంటుందని రాశారు. 1965 చట్టంలో పాండిచ్చేరికి తమిళంతో పాటు యానాంలో తెలుగుకి, మాహెలో మలయాళానికి చోటు వచ్చింది.

ఇదంతా చెబుతుంటే ఫ్రెంచివాళ్లు మహానుభావులని నేను అంటున్నట్టు మీకు అనిపించవచ్చు. అనడం లేదు. యానాం నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి మన తెలుగు కూలీల్ని రీయూనియన్ దీవికి చెరకు తోటల్లోకి ఓడల్లో ఎక్కించింది వాళ్లే. 1829 ప్రాంతంలోనే అది మొదలైంది. చెరకు నరికే కోటపాడు వాళ్లకి ఆ పని ఏమిటో చెప్పక్కర్లేదు. ఇక ఎన్నికలంటారా, ఓటర్ల జాబితా ఒకటి కాదు. యూరోపియన్లకి ఒకటి, భారతీయులకి వేరొకటి. ఫ్రెంచి చట్టానికి ఒప్పుకుని తమ ధర్మశాస్త్రాల హక్కులు వదులుకున్నవాళ్లకి కొంతకాలం మూడోది. గుప్పెడు మంది యూరోపియన్లకి ఊళ్లో వేల మందితో సమానంగా సీట్లు. అందరికీ ఒకే జాబితా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతనే. ఓటు ఉండటం వేరు, ఓటుకి బరువు ఉండటం వేరు. అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. 1870ల నాటికే పారిస్ పార్లమెంటుకి ఫ్రెంచి ఇండియా తరపున ఒక సభ్యుడుండేవాడు. అప్పటికి మనవైపు రైతుకి జిల్లా కలెక్టరు మొహం కూడా తెలియదు.

ఇక యానాం ఎల్లని జనం ఎలా వాడుకున్నారో చూడండి. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి అమలు. బాల్య వివాహం నేరం. చట్టం బ్రిటిషు ఇండియాది, యానాంకి వర్తించదు. గోదావరి జిల్లాల్లో పరువున్న కుటుంబాలు చిన్న పిల్లల్ని చంకనేసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకుని వచ్చేవారు. కల్యాణపురం అని పేరు కూడా పడింది. మన అమ్మమ్మల తరంలో గోదావరి సంబంధాలున్నవాళ్ల ఇళ్లల్లో ఈ కథ వినబడుతుంది. ఆ తర్వాత ఇదే ఎల్ల మందుకీ పెట్రోలుకీ పనికొచ్చింది. బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు యానాం వస్తుందనగానే బైకు ట్యాంకు గురించే మాట్లాడాడు. ఊరి ఎల్ల అనేది గీత గీసినవాడి ఉద్దేశం ప్రకారం ఎప్పుడూ నడవదు.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచి చేతుల్లోంచి బయటపడింది. దడాల రఫేల్ రమణయ్య ముందు నిలిచారు. నాకు ఆశ్చర్యం కలిగించేది మాత్రం పాండిచ్చేరి కథ. ఆ ఏడాది అక్టోబరు 18న కీళూరు అనే చిన్న ఊళ్లో సభ పెట్టారు. పాండిచ్చేరి, కారైకాల్ కొమ్యూన్ల మునిసిపల్ కౌన్సిలర్లూ, అక్కడి ప్రతినిధి సభ సభ్యులూ ఓటు వేశారు. మొత్తం 178 మంది. ఇండియాలో కలవడానికి 170, వద్దని 8. నవంబరు 1 నుంచి పాలన మన చేతికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం, 1962 ఆగస్టు 16న అధికారికంగా బదిలీ. రాజ్యం ఎవరిదో తేల్చిన ఆ 178 మందిలో ఎక్కువమంది వీధి దీపాల సంగతి చూసే వార్డు సభ్యులు. మన పంచాయతీ వార్డు మెంబర్లని చూసినప్పుడు ఆ మాట గుర్తొచ్చి వాళ్లకి కొంచెం మర్యాదగా నమస్కారం పెడుతుంటాను. ఎందుకో వాళ్లకి తెలియదు.

ఇప్పుడు చేదు భాగం. ఫ్రెంచివాళ్ల డిక్రీ కింద ఆఖరి మునిసిపల్ ఎన్నికలు 1968లో జరిగాయి. 1973లో పాండిచ్చేరి తన చట్టాలు చేసుకుంది, మునిసిపాలిటీలకొకటి, కొమ్యూను పంచాయతీలకొకటి. 1974 జనవరి 26 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. యానాం అంతా ఒకే మునిసిపాలిటీ అయింది. మళ్లీ ఎన్నికలు ఎప్పుడు జరిగాయో తెలుసా? 2006లో. 38 ఏళ్లు. ఆ పాలకవర్గాల గడువు 2011లో తీరింది. 2021లో తేదీలు ప్రకటించి కూడా ఆపేశారు. 1880లోనే మేరుని ఎన్నుకున్న ఊరు, స్వతంత్ర దేశంలో, ఒక మనిషి యవ్వనం మొత్తం గడిచిపోయేంత కాలం కౌన్సిలర్ని చూడలేదు.

మనం ముసిముసిగా నవ్వుకోవద్దు. 2018 ఆగస్టులో మన సర్పంచిల గడువు తీరాక 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా మనకీ స్పెషల్ ఆఫీసర్లే దిక్కు. అందులో ఒక ఆఫీసరు చేతిలో ఎన్ని ఊళ్లు ఉండేవో, నెలకి ఎన్నిసార్లు ఆయన జీపు దిగేవాడో మీకు నేను చెప్పాలా?

యానాం విషయంలో ఇంకో చిత్రం. ఆ ఊరు ఒక మునిసిపాలిటీ, ఒక జిల్లా, ఒక అసెంబ్లీ సీటు. మూడింటికీ ఒకటే పొలిమేర. వాళ్ల రాజధాని పాండిచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన. వాళ్ల హైకోర్టు మద్రాసు. అంటే పక్కింటి కాకినాడ వాళ్లకి పరాయి రాష్ట్రం, మూడు రాష్ట్రాల దూరంలో ఉన్నట్టుండే పాండిచ్చేరి సొంతిల్లు. అయినా మధ్యాహ్నం భోజనం చేసి మేరీ మెట్లెక్కి తమ సంతకం తాము పెట్టుకుని వచ్చే వీలు ఉండేది. ఫ్రెంచి విప్లవం వాళ్లు జిల్లాలు గీసేటప్పుడు ఒక కొలత పెట్టుకున్నారట: జిల్లా ముఖ్యపట్నానికి ఎటునుంచైనా గుర్రం మీద ఒక రోజులో చేరగలగాలని. మన చోడవరం తాలూకా నుంచి కోటపాడు 1985లో మండలంగా విడిపోయినప్పుడు అలాంటి లెక్కే నడిచింది, గుర్రం బదులు పల్లెవెలుగు బస్సు. 2022 ఏప్రిల్‌లో మన కలెక్టరాఫీసు విశాఖపట్నం నుంచి అనకాపల్లికి దిగివచ్చింది. ఇంత దగ్గరైనా అడ్రసు రాసేటప్పుడు ఇంకా విశాఖ జిల్లా అనే చెయ్యి పోతోంది, నాది కూడా.

మన ఊరి పేరు ముందున్న 'కె' సంగతి తెలిసినదే. పక్క ఊరు కింతాడ పేరు తగిలించుకుని కింతాడ కోటపాడు అయ్యాం. కోటపాడులు మన రాష్ట్రంలో చాలా ఉన్నాయి కనక పోస్టాఫీసుకి ఆనవాలు కావాలి. కాని ఊళ్లో ఎవరూ ఆ కింతాడ అనరు, వట్టి కె అంటారు. పూర్తి పేరు తెలియకుండా పెరిగిన పిల్లల్ని నేను చూశాను.

చౌడువాడ, పిండ్రంగి, ఎ.కోడూరు, ఇలా మన మండలం ఊళ్లన్నీ తిరిగిన ఉద్యోగం నాది. ఒకసారి ఒక ఊరి గట్టు మీద ఒక రైతు అడిగాడు. "బాబూ, ఈ చెరువు మాది. దీని మదుం ఆ పంచాయతీలో ఉంది. దీని కింద భూమి ఇంకో పంచాయతీలో ఉంది. మేం ఎవరికి అర్జీ ఎట్టాలి?" అని. నా దగ్గర ఉద్యోగ సమాధానం ఉంది, చెప్పాను. అది సమాధానం కాదని ఇద్దరికీ తెలుసు. పక్క దేవరాపల్లి మండలంలో శారద మీద రైవాడ జలాశయం ఉంది. ఆ నీరు మన చేలకీ కావాలి, విశాఖ నగరానికీ పోతోంది. నీరు నగరానికి ఎంత, పొలానికి ఎంత అని తేల్చే సమావేశంలో కోటపాడు సర్పంచికి కుర్చీ లేదు. యానాం మేరుకి కూడా గోదావరి మీద హక్కు లేదు లెండి. వరద వస్తే అందరి మోకాళ్లూ ఒకేసారి తడుస్తాయి.

ఆ రోజు అదే రైతు ఇంకో ప్రశ్న వేశాడు. "ఓటేసింది సర్పంచికి. మరి పుట్టిన సర్టిఫికెట్టు మీద సెక్రటరీ సంతకం ఎందుకు?" 1984లో మునసబు పోయాడు. కొన్నేళ్లకి ఆ పుస్తకం పంచాయతీ కార్యదర్శికి వచ్చింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయం వచ్చింది, కంప్యూటరు వచ్చింది, పాస్‌వర్డు వచ్చింది. కాగితం తొందరగానే వస్తోంది, కాదనను. సర్పంచికి మాత్రం ఆ పుస్తకం ఎప్పుడూ అందలేదు. వాళ్ల మేరుకున్న ఆ రెండో టోపీ మన సర్పంచి తల మీదకి ఎవరూ పెట్టలేదు. నా ఉద్యోగంలో ఇదే నాకు పెద్ద లోటుగా తోచింది. సంతకం విలువ చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, బిడ్డ పుట్టినప్పుడు ఎవరి గుమ్మం ఎక్కాలో, చనిపోతే ఎవరికి చెప్పాలో, అక్కడే ఊరివాళ్ల మనసులో పంచాయతీకి ఒక కుర్చీ ఏర్పడుతుంది. బోరు రిపేరుకి మాత్రమే గుర్తొచ్చే ఆఫీసుకి ఆ కుర్చీ రాదు.

ఫ్రాన్సు గురించి ఒక్క సంగతి చెప్పి ముగింపుకి వస్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, వెర్దన్ దగ్గర యుద్ధంలో కొన్ని ఊళ్లు ఇటుక కూడా మిగలకుండా పోయాయి. నేలంతా గుండ్లు, విషపు అవశేషాలు. మళ్లీ కట్టే వీలు లేదు. అందులో ఆరు ఊళ్లని మాత్రం కొమ్యూన్లుగా ఈనాటికీ ఉంచారు. జనాభా సున్నా. అయినా ప్రతి ఊరికీ ఒక మేరు ఉన్నాడు. ఓటర్లు లేరు కనక జిల్లా అధికారే నియమిస్తాడు. ఆ మేరుల పని ఊరి పేరు నిలపడం, పుస్తకం దాచడం, ఏటా వచ్చినవాళ్లకి ఫలానా వీధి ఇక్కడ ఉండేదని చెప్పడం.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మన విశాఖ స్టీలుప్లాంటు గుర్తొచ్చింది. దాని కింద 60కి పైగా ఊళ్లు పోయాయి. పరిహారం, ఉద్యోగాలు, ఆ లెక్కలన్నీ వేరు, అవి కోర్టుల్లోనూ సభల్లోనూ నడుస్తున్నాయి. నా ప్రశ్న చిన్నది. ఆ పంచాయతీల తీర్మానాల పుస్తకాలు ఎవరి బీరువాలో ఉన్నాయి? ఆ ఊళ్ల మునసబు రాసిన పుట్టుకల పుస్తకం ఏ గదిలో ఉంది? అక్కడ పుట్టిన పెద్దాయన ఒకరు నాతో అన్నారు, "మా ఊరు ఎక్కడుందయ్యా అంటే ఏ పొగ గొట్టం కిందో చూపించాలి." ఊరు పోయాక ఊరి పుస్తకాన్ని ఎవరైనా దాచి ఉంటే, ఆయనకి చూపించడానికి ఇంకొకటి ఉండేది.

ఇంతకీ ఈ స్మారకోపన్యాసం జులై 1న ఎందుకు పెట్టారని కొంతమంది అడిగారు. మాస్టారి పుట్టిన రోజు కనక. సర్వీసు రిజిస్టరులో అలా ఉంది. ఆయన్ని బళ్లో వేసిన మాస్టారు ఎవరో మన అందరికీ వేసినట్టే ఆయనకీ వేశారన్నమాట. ఎప్పుడో ఒకసారి స్టాఫ్ రూములో ఆయన్ని అడిగాను, "మీరు నిజంగా ఎప్పుడు పుట్టారండీ" అని. వాళ్లమ్మ గారు చెప్పింది ఆయనకి బాగా గుర్తు: పెద్దగాలి వచ్చిన మరుసటి ఏడాది, ఇంటి వెనక కల్లంలో ఆ ఏటికి మొదటిసారి గానుగ కట్టిన పొద్దున. బెల్లం పెనం మీద పాకం మరిగే వాసనకే నొప్పులొచ్చాయట ఆవిడకి.

గానుగ మనవైపు సంక్రాంతి ప్రాంతంలో కడతారు. జులైలో చెరకు ఇంకా గానుగకి రాదు.